పద్నాలుగు బోర్డులు

ఆసీల్‌మెట్ట నుంచి డైమండ్ పార్క్ దాకా
చెప్పులరిగేలా తిరిగి లెక్కపెట్టాను:
బ్యాంకులు పద్నాలుగు.
పదిహేనోది మొన్నే ఇంకోదాంట్లో కలిసిపోయింది.
బోర్డు మారింది గానీ
దారం కట్టిన పెన్ను అదే,
అందులో సిరా లేకపోవడమూ అదే.

నా పని పోటీని కొలవడం.
"ఉందా లేదా అని కాదమ్మా, ఎంతుందో చెప్పాలి"
అంటారు మా గైడు వైకుంఠరావు గారు,
కళ్ళజోడు నుదుటి మీదికి తోసేసి
బల్లంతా కళ్ళజోడు కోసం తడుముతూ.

ఒక పద్ధతుంది:
ఒక్కో బ్యాంకు వాటాని దాంతో దాన్నే హెచ్చవేసి
అన్నీ కూడాలి.
పెద్దది ఇంకా పెద్దదై కూర్చుంటుంది,
చిన్నది చుక్కయిపోతుంది,
మా పెదనాన్నల పంపకాల్లో జరిగినట్టే.

ఇంకోటుంది:
డిపాజిట్ల మీద ఇచ్చే వడ్డీ పెరిగితే
బ్యాంకు రాబడి ఎంత కదిలిందో చూడాలి.
సున్నా అంటే ఒక్కడిదే రాజ్యం.
ఒకటి అంటే అచ్చమైన పోటీ.
పదేళ్ళ బ్యాలెన్స్ షీట్లు నమిలి నమిలి
కంప్యూటర్ ఓ రాత్రి కక్కింది:
సున్నా పాయింట్ ఆరు ఒకటి.

మద్దిలపాలెంలో సిగ్నల్ పోయినప్పుడు
ఆటోలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ
ఎక్కడివక్కడే ఉంటాయే,
అదన్నమాట.

అప్పు మీద రేటు పెరిగిన కబురు
మధ్యాహ్నం భోజనానికి ముందే ఫోన్లో మోగుతుంది.
తగ్గిన కబురు మాత్రం
కిరండూల్ పాసింజరెక్కి వస్తుంది,
అన్ని సొరంగాల్లోనూ ఆగి.

నా ప్రశ్నావళిలో నలభై మూడో మనిషి
అర్జిల్లి పోలమ్మ.
ఫిషింగ్ హార్బర్, తెల్లారగట్ల నాలుగున్నర.
జెట్టీ మీద వేలంపాట.
గంపెడు కోనాలకి పన్నెండు గొంతులు,
ఒకడి మాట మీద ఇంకొకడి మాట ఎక్కి తొక్కుతోంది.
ఇదీ పోటీ అంటే! అని మురిసి రాసుకోబోతే
ఆవిడ ఐసుముక్క తీసి నా పుస్తకం మీద పెట్టింది.
"అరిసీవోళ్ళని లెక్కెడతావేటమ్మా,
బాకీ ఎవుడికో అది సూడాల గానీ."

నీలం బోటు ఒకటి చూపించింది.
వలలు షావుకారువి, డీజిలు షావుకారుది,
మొన్న ఇంజను పోతే అదీ ఆయనదే.
దాని గంపలు దిగుతూనే
ఆయన ఐసుపెట్టెలోకి నడిచిపోతాయి.
పాట లేదు. కిలోకి ముప్పై తక్కువ.
"ఇడిసీసి ఎల్లిపోవచ్చు, ఎవుడాపాడు?
మొత్తం ఒకేపాలి కట్టీసి."

బస్సులో వస్తుంటే నా గాజులు గుర్తొచ్చాయి.
ద్వారకానగర్లో కుదువ బ్యాంకులో ఉన్నాయి.
ఎదురు బ్యాంకులో వడ్డీ ముప్పావు శాతం తక్కువ.
మధ్యలో రోడ్డు, నలభై అడుగులు.
అది దాటాలంటే ముందు చేతిలో
లక్షా పదివేలుండాలి.
రెండేళ్ళుగా ఇవతలి ఫుట్‌పాత్ మీదే ఉన్నాను,
పోటీ మీద పరిశోధన చేస్తూ.

మళ్ళీ వెళ్ళాను, ఈసారి ప్రశ్నావళి లేకుండా.
టీ తాగి, అటూ ఇటూ చూసి చెప్పింది:
అమావాస్య దగ్గరి రాత్రుల్లో
డాల్ఫిన్స్ నోస్ దీపం ఇంకా అందకముందే
నీలం బోటు తన దీపం ఆర్పేస్తుందట.
నాలుగు గంపలు చీకట్లో
వేరే పడవలోకి దాటతాయట,
అసలు ధరకి.

దీన్నేమంటారు అన్నాను.
"పేరెట్టకు. రాసీకు."

రాయలేదు.
గైడుగారు దశాంశానికి నాలుగు స్థానాలు కావాలంటే
నాలుగూ ఇచ్చాను.
నలభై మూడో వరుసలో మాత్రం
ఒక గడి వదిలేశాను, సున్నా కూడా వెయ్యకుండా.

"ఏమ్మా, డేటా లేదా?" అన్నారు,
కళ్ళజోడు దొరికినట్టుంది.
"ఉంది సార్" అన్నాను.